దసరా సెలవుల్లో నల్లమల చుట్టూ కారు ప్రయాణం: ఐదు రోజుల్లో పదకొండు చోట్లు కుదురుతాయా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఉప్పల్. దసరా సెలవుల్లో ఐదు రోజులు, నాలుగు రాత్రులు సొంత కారులో తిరిగొద్దామనుకుంటున్నాం. మా ఆయన, నేను, పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు, మా అత్తయ్య. అత్తయ్యకి 68, మోకాళ్ల నొప్పులు. పిల్లలకి పులిని చూడాలని ఉంది, నాకు పాత గుళ్లు, కోటలు అంటే ఇష్టం, అత్తయ్యకి మల్లన్న దర్శనం కావాలి. మా ఆయన రాసిన లిస్టు ఇది: ఉమామహేశ్వరం, మన్ననూరు సఫారీ, మల్లెలతీర్థం, శ్రీశైలం, సంగమేశ్వరం, అహోబిలం, యాగంటి, బేలుం గుహలు, గండికోట, సిద్ధవటం, లేపాక్షి. రోజుకి ఎంత దూరమైనా నడుపుతా, రాత్రిళ్లు కూడా పోదాం అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇదంతా కుదురుతుందా? పులి కనబడుతుందా?

సమాధానం: చెల్లెమ్మా, కుదరదు. మీ టెన్షన్ నిజమైనదే. కానీ మీ ఆయన రాసిన లిస్టు మంచి లిస్టు, ఆ సంగతి ముందు ఆయనకి చెప్పండి. ఇందులో సగానికి పైగా చోట్లు ఒకే అడవిని పట్టుకుని ఉన్నాయి. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దవాళ్లు చెప్తారు కదా, ఉత్తరాన ఉమామహేశ్వరం, తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం. అంటే నల్లమల చుట్టూ మనుషులు ఎప్పటినుంచో ఇలాగే తిరుగుతున్నారు, అడవి వేరు, గుడి వేరు, కోట వేరు అని వాళ్లు అనుకోలేదు. మీరు కూడా ఉత్తర ద్వారంలోంచి లోపలికి వెళ్లి పడమటి ద్వారంలోంచి బయటికి రండి. మొత్తం వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ తేలుతుంది, ఐదు రోజులకి అది ఇబ్బంది లేని దూరం.

ముందు రాత్రి ప్రయాణం సంగతి తేల్చేద్దాం. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. దోర్నాల వైపు కూడా ఇదే పద్ధతి. జంతువులు రోడ్డు దాటేది ఎక్కువగా ఆ వేళల్లోనే, బండ్ల కింద పడి చచ్చిపోకుండా పెట్టిన నిబంధన అది. నేను ఒకసారి కల్వకుర్తి దాటాక టీకీ, ఇంకోదానికీ ఆగి ఆగి, గేటు దగ్గరికి తొమ్మిది దాటిన పది నిమిషాలకి చేరాను. పది నిమిషాలే కదా అని బతిమాలాను, ఆయన వదల్లేదు, వదలకూడదు కూడా. వెనక సీట్లో మా అమ్మ, మాత్ర వేసుకోవడానికి గోరువెచ్చటి నీళ్లు కావాలంది, ఎక్కడా దొరకలేదు, తెల్లారేదాకా కారులోనే కూర్చున్నాం. ఆ రాత్రి ఆమె ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ గుర్తు. అత్తయ్యతో వెళ్తున్నారు కాబట్టి చెప్తున్నాను, రోజూ సాయంత్రం ఆరింటికల్లా బస చేసే ఊళ్లో ఉండాలి, ఆ లెక్కలో ఎన్ని చోట్లు పడితే అన్నే చూడండి.

ఇక లిస్టులోంచి కొట్టేయాల్సినవి. సంగమేశ్వరం కొట్టేయండి, ఈ కాలంలో ఆ గుడి శ్రీశైలం జలాశయం నీళ్ల కింద ఉంటుంది, నీళ్లు తగ్గాక ఎండాకాలం దగ్గర పడేటప్పుడే బయటపడుతుంది. లేపాక్షి చాలా దూరం, అది బెంగళూరు వెళ్లినప్పుడు చూసుకోండి. అహోబిలం ఎంతో మంచి చోటు, కానీ నవ నారసింహుల్ని చూడాలంటే కొండలెక్కాలి, ఒక పూటలో పైపైన చూసి వచ్చేస్తే మీకే బాధగా ఉంటుంది, దానికి విడిగా రెండు రోజులు పెట్టుకోండి. మల్లెలతీర్థం జలపాతానికి దాదాపు 350 మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి, అత్తయ్య వల్ల కాదు, ఆమెను పైన ఒంటరిగా కూర్చోబెట్టి మీరంతా దిగడం బాగుండదు. సిద్ధవటం గురించి చివర్లో చెప్తాను, అది కొట్టేయమనడానికి నాకు మనసు రావడం లేదు.

మొదటి రోజు పొద్దున ఐదున్నరకి బయల్దేరండి. కల్వకుర్తి, డిండి మీదుగా వెళ్తే టిఫిన్ వేళ దాటేసరికి ఉమామహేశ్వరం దగ్గరుంటారు. కొండ చరియ కింద గుడి, రాతిలోంచి ఊరే నీళ్లు, అక్కడ పిల్లలు కాసేపు నిశ్శబ్దంగా కూర్చుంటారు, చూడండి. ఆ దారిలో ఈ నెలల్లో రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. అడవి కాయ చిన్నదిగా ఉంటుంది, పైన కళ్లు విచ్చుకుని, కళ్లకీ కళ్లకీ మధ్య గీత పసుపు తిరిగి ఉంటే రెండ్రోజుల్లో పండుతుంది, గట్టిగా ఆకుపచ్చగా మూసుకుని ఉంటే అది నల్లబడుతుంది తప్ప పండదు. బేరం గట్టిగా ఆడకండి, పొద్దున్నే అడవిలోకి వెళ్లి కోసుకొచ్చిన కష్టం అది. తొక్కలు, గింజలు మాత్రం కారు కిటికీలోంచి పారేయొద్దు, కోతులు వాటికోసం రోడ్డు మీదికి వస్తాయి. కోతులకి అరటిపండ్లు ఇవ్వడం పుణ్యం అని అత్తయ్య అనొచ్చు, నెమ్మదిగా నచ్చజెప్పండి, అలా తినడానికి వచ్చినవే బండ్ల కింద పడుతున్నాయి.

మధ్యాహ్నానికి మన్ననూరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం సఫారీ ఇక్కడినుంచే, ఫర్హాబాద్ వైపు. వానాకాలం మూడు నెలలు, జులై నుంచి సెప్టెంబరు దాకా, సఫారీ మూసేస్తారు, అక్టోబరు 1 నుంచి మళ్లీ మొదలు. అటవీ శాఖ వాళ్ల కాటేజీల్లో రాత్రి బస, సఫారీ కలిపి ప్యాకేజీ ఉంటుంది, దసరా సెలవులంటే తొందరగా నిండిపోతాయి కాబట్టి ఈ ఉత్తరం చదవగానే ఆన్‌లైన్‌లో చూసుకోండి. మీ కారు లోపలికి రానివ్వరు, వాళ్ల బండ్లలోనే వెళ్లాలి.

పులి కనబడుతుందా అన్నారు. కనబడదు అనుకునే వెళ్లండి. ఇటు అమ్రాబాద్, అటు ఆంధ్రా వైపు నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం కలిపితే ఆరు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. 1983 నుంచి పులుల ప్రాజెక్టు కింద ఉన్న అడవి ఇది, రాష్ట్ర విభజనతో రెండుగా పంచారు. ఇంత అడవిలో పులులు పలచగా ఉంటాయి. పైగా అక్టోబరులో ఎక్కడ చూసినా నీళ్లే, జంతువు నీళ్ల గుంట దగ్గరికి వచ్చి నిలబడాల్సిన పని లేదు, బోదగడ్డి కూడా మనిషెత్తు పెరిగి ఉంటుంది. పులిని చూడాలనే పట్టుదల ఉంటే మార్చి, మే మధ్య ఎండల్లో రావాలి. ఇప్పుడు వెళ్తే చూడగలిగేది అడవి నిండుగా ఉండటం. చుక్కల దుప్పులు, కణుతులు అనే పెద్ద జింకలు, నెమళ్లు కనబడతాయి, అదృష్టం ఉంటే ఎలుగుబంటి, రేసుకుక్కల గుంపు. పిల్లలకి మూషిక జింక గురించి చెప్పండి, కుందేలంత ఉంటుంది, హైదరాబాద్ జూలో పెంచి ఈ అడవిలో వదిలారు.

నేను వెళ్లినప్పుడు మా వెంట వచ్చిన చెంచు అబ్బాయి జీపు ఆపమన్నాడు. బాట మీద తడి మట్టిలో అడుగు. మేమంతా ఫోన్లు తీస్తుంటే, ఆగండి సార్, ముందు చూడండి అని, పక్కన గొంతుక్కూర్చున్నాడు. అంచులు ఇంకా విరిగి పడలేదు, లోపల ఒక్క ఆకు కూడా రాలలేదు, తెల్లవారుజామున పడిన చినుకుల గుర్తులు బాటంతా ఉన్నాయి గాని ఆ అడుగు లోపల లేవు. అంటే వాన వెలిశాక నడిచింది, రెండు మూడు గంటలు కూడా అయ్యుండదు అన్నాడు. తన అరచెయ్యి దాని పక్కన ఆనించి చూపించాడు, వేళ్లు కలిపితే దాదాపు సరిపోయింది. పులి కనబడలేదు. మా మేనల్లుడు మాత్రం ఇంటికొచ్చాక వారం రోజులు అందరి దగ్గరా అరచెయ్యి పెట్టి అదే చెప్పాడు. మీ పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, మనం పులి జాడ చూడ్డానికి వెళ్తున్నాం అని. పులిని చూపిస్తా అని మాటిచ్చి తీసుకెళ్తే మూడు గంటలు అయ్యేసరికి ఏడుపు మొహం పెడతారు.

రెండో రోజు పొద్దున ఆరింటికి గేటు తెరవగానే బయల్దేరితే ఘాట్ రోడ్డు ఖాళీగా ఉంటుంది. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పెట్రోలు ముందు రోజే అచ్చంపేటలో నింపించుకోండి. దోమలపెంట దాటాక డ్యామ్ దగ్గరికి దిగేటప్పుడు మలుపులు గట్టిగా ఉంటాయి, మీ ఆయనకి చెప్పండి, బ్రేకు మీద కాలు పెట్టి దిగకుండా రెండో గేర్లో దించాలి. పిల్లలకి వాంతులయ్యే అలవాటుంటే ఆ పూట పాలు వద్దు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, పైనుంచి వరద ఉంటే 12 గేట్లలో కొన్నయినా ఎత్తి ఉంటాయి, ముందు రోజు పేపర్లో చూసుకుంటే తెలుస్తుంది. గేట్లు ఎత్తితే ట్రాఫిక్ కూడా అంతే ఉంటుంది, అది మాత్రం లెక్కలో పెట్టుకోండి.

శ్రీశైలంలో ఆ రోజంతా ఉండండి. నవరాత్రుల రోజుల్లో జనం విపరీతం, దసరా వెళ్లాక రెండు రోజులకి ప్లాన్ చేసుకుంటే కొంత నయం. దీపావళి దాటితే కార్తీకం, ఆ సోమవారాల్లో ఈ ప్రయాణం పెట్టుకోవద్దు, దర్శనానికే రోజు సరిపోతుంది. అత్తయ్య దర్శనం అయ్యాక ఆమెను గదిలో పడుకోబెట్టి, సాయంత్రం నాలుగింటికి మీరూ పిల్లలూ గుడి ప్రాకారం బయటి వైపు చుట్టూ నడవండి. దర్శనానికి వచ్చే వాళ్లలో చాలామంది ఆ గోడని చూడకుండానే వెళ్లిపోతారు, నాకు అదే బాధ. విజయనగర కాలం నాటి గోడ, వరసలు వరసలుగా బొమ్మలు, ఏనుగులు, గుర్రాలు, వేట, మధ్యలో శివుడి కథలు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడితే ఆ రాతి గీతలన్నీ లేచి నిలబడతాయి. నిన్న అడవిలో చూసిన జంతువు ఏదైనా గోడ మీద ఉందేమో వెతకమని పిల్లలకి చెప్పండి. మీకు పాత గుళ్లు ఇష్టమన్నారు, వాళ్లకి జంతువులిష్టం, ఇద్దరికీ కలిపి పని దొరికే చోటు అదొక్కటే. గోడని చేత్తో తడమనివ్వకండి, చెమటకి రాయి అరుగుతుంది.

మూడో రోజు శిఖరం చూసుకుని దోర్నాల దిగి, అక్కడినుంచి ఆత్మకూరు రోడ్డు. నాకు ఈ మొత్తంలో బాగా ఇష్టమైన దారి ఇదే. మళ్లీ అడవే, బైర్లూటి దాకా పెద్దగా హోటళ్లు ఉండవు, దోర్నాలలోనే టిఫిన్ తినేసి వెళ్లండి. బండి ఎక్కడా ఆపి దిగొద్దు, పిల్లలకి అవసరాలుంటే దోర్నాలలోనే తీర్చుకోండి. ఆత్మకూరులో భోజనం చేసి మీ లిస్టులో లేని ఒక చోటికి వెళ్లమంటాను, రోళ్లపాడు. ఆరు చదరపు కిలోమీటర్లకి కాస్త ఎక్కువ ఉండే గడ్డి మైదానం, అంతే. చూడగానే మీ ఆయన ఇదేం అభయారణ్యం, బీడు భూమి కదా అంటారు. ఇలా బీడు అనుకునే మన దేశంలో గడ్డి భూములన్నీ పోయాయి. బట్టమేక పిట్ట కోసం 1988లో దీన్ని అభయారణ్యం చేశారు. మీటరు ఎత్తు పిట్ట, ఎగరగలిగే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఒకటి. సూటిగా ముందుకి దానికి చూపు సరిగ్గా ఆనదు, కరెంటు తీగలు దగ్గరికి వచ్చేదాకా తెలియదు, తెలిశాక ఆ బరువుతో పక్కకి తిరగలేదు. ఇప్పుడు దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయి, ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. రోళ్లపాడులో మీకు అది కనబడుతుందని చెప్పను. కృష్ణజింకలు మాత్రం కనబడతాయి, నాలుగు దాటాక వెళ్తే మగవి నల్లగా, కొమ్ములు మెలి తిరిగి, గడ్డిలోంచి గాల్లోకి ఎగిరి దూకుతాయి. అడవిలో మూడు గంటలు వెతికిన పిల్లలకి ఇక్కడ కళ్లెదురుగానే దొరుకుతుంది. రాత్రి నంద్యాలలో బస, మంచి హోటళ్లున్నాయి, జొన్నరొట్టె తినండి.

నాలుగో రోజు పొద్దున్నే యాగంటి. కోనేటి నీళ్లు చల్లగా, అడుగు కనబడేంత తేటగా ఉంటాయి. బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని అత్తయ్య పిల్లలకి చెప్తారు, ఆమెనే చెప్పనివ్వండి. గుహల మెట్లు నిటారుగా ఉంటాయి, ఆమె కింద కోనేటి గట్టున కూర్చుంటే చాలు. అక్కడినుంచి బేలుం. మొత్తం 3,229 మీటర్ల గుహ, మనల్ని తిరగనిచ్చేది కిలోమీటరున్నర. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు, వందేళ్లకి జర్మన్ బృందం లోపల కొలిచింది, 2002లో జనానికి తెరిచారు. సున్నపురాయిని భూమిలోపలి నీళ్లు కరిగించుకుంటూ పోయిన దారి అది, గోడల మీద నీటి ఒరుపు కనబడుతుంది. లోపల ఉక్కపోత గట్టిగా ఉంటుంది, కాసేపటికే చొక్కా తడిసిపోతుంది, కొన్నిచోట్ల వంగి నడవాలి. అత్తయ్యని తీసుకెళ్లొద్దు. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లెవరూ ఈ గుహలో బాగా లోతున ఉండే పాతాళగంగ దాకా దిగొద్దు. మీరిద్దరూ వంతులు వేసుకుని, ఒకరు పైన ఆమె దగ్గర ఉండండి.

మధ్యాహ్నం మూడున్నరకల్లా గండికోట చేరాలి. పెన్న కోసుకుంటూ వెళ్లిన గండి, పక్కనే కోట, పేరు అలాగే వచ్చింది. పెమ్మసాని నాయకుల కోట, 1650ల్లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు, మన ఊరి కోటతో దీనికి అలా సంబంధం ఉంది. అందరూ లోయ అంచుకి పరుగెత్తుతారు, మీరు ముందు మాధవరాయ గుడి గోపురం, మసీదు, ధాన్యాగారం నెమ్మదిగా చూడండి, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. లోయ దగ్గర రెయిలింగ్ లేని రాళ్లే ఎక్కువ. బాబు చెయ్యి ఒక్క నిమిషం కూడా వదలొద్దు, వాన పడి ఉంటే అంచుదాకా వెళ్లనే వెళ్లొద్దు, సెల్ఫీ కోసం అసలే వద్దు. ఆశ్వయుజ, కార్తీకాల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రాయలసీమకి గట్టి వానలొస్తాయి, అలాంటి వార్త వస్తే గండికోట ఆపేసి నంద్యాల నుంచే తిరుగు ముఖం పట్టండి. రాత్రి అక్కడే ఉంటే పొద్దున ఎండ లోయలోకి దిగేది చూడొచ్చు. గదులు తక్కువ, ముందే బుక్ చేసుకోండి, లేకపోతే జమ్మలమడుగులో.

ఐదో రోజు ఎనిమిదికల్లా బయల్దేరి కర్నూలు మీదుగా అలంపురం. జమ్మలమడుగు నుంచి కర్నూలుకే నాలుగు గంటలు పెట్టుకోండి. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, ఏడు, ఎనిమిది శతాబ్దాలవి, బ్రహ్మ పేరుతో ఉన్నవన్నీ శివాలయాలే. వాటితో పాటు కూడవెల్లి సంగమేశ్వరాలయం దగ్గర తప్పకుండా ఆగండి, మీ లిస్టులోంచి కొట్టేసిన సంగమేశ్వరం కాదు, ఇది వేరే గుడి. అది అసలు కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండేది, శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. రెండో రోజు డ్యామ్ మీద నిలబడి చూసిన నీళ్లు ఇంత దూరం వచ్చాయన్నమాట. పాపకి పదకొండేళ్లు కదా, మ్యాపులో వేలుతో చూపిస్తే అర్థమవుతుంది. అక్కడినుంచి హైవే, హైదరాబాద్ నాలుగు గంటలు, రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు.

సిద్ధవటం సంగతి. దక్షిణ ద్వారం అది, పెన్న ఒడ్డున కోట, పక్కనే లంకమల అడవి. ఆ పొదల్లోనే కలివికోడి ఉంది. 1848లో లోకానికి తెలిసిన పిట్ట, 1900 తర్వాత కనబడక అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో స్థానిక వేటగాడి సాయంతో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట, మీకు కనబడదు, వెతకనూ కూడదు. దాని ఊరు చూడాలంటే కడపలో ఒక రాత్రి కావాలి, మీకది లేదు. సంక్రాంతికి మూడు రోజులు దొరికితే సిద్ధవటం, ఒంటిమిట్ట కలిపి వెళ్లండి.

కారు సర్వీసింగ్ వారం ముందే చేయించండి, బయల్దేరే రోజు ముందు కాదు, ఏదైనా తేడా ఉంటే తెలియడానికి టైం ఉంటుంది. స్టెప్నీలో గాలి చూసుకోండి. అత్తయ్య మాత్రలు ఆమె చేతి సంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు, ఫ్లాస్కులో వేడినీళ్లు రోజూ పొద్దున నింపుకోండి. తిరిగొచ్చాక ఒక ఉత్తరం రాయండి, ప్రాకారం గోడ మీద బాబు ఏ జంతువుని కనిపెట్టాడో నాకు తెలుసుకోవాలని ఉంది.